పియానో మీటకు బరువెక్కడిది?

నేడు సంగీతవాద్యాల అంగడికి పోయి, ఇంటిలో పియానో సాధనకూ, వాయించినదానిని ముద్రించుకొనుటకూ తగిన పరికరము కావలెనని అడిగినచో, అంగడివారు పొడవైన నల్లని పలక నొకదానిని మన ముందు పెట్టుదురు. దానికి 88 మీటలు. మన హార్మోనియం విద్వాంసులు వీటినే మెట్లందురు. ఏ మీటను నొక్కినను ధ్వని లేదు. లోపల తీగలు లేవు, తిత్తి లేదు, రీడులు లేవు. దీనికి కంట్రోలరని పేరు. వేలు ఏ మీటపై ఎంత వడిగా పడినదో ఆ సమాచారమును కంప్యూటరుకు చేరవేయుటయే దీని పని. నాదమును పుట్టించునది కంప్యూటరు. ఇంతవరకు సులభముగనే బోధపడును. కాని వెలలు విచారించునప్పుడు ఒక వింత కనబడును. తేలికైన మీటలు గలది చౌక. సగము బరువు మీటలు గలది దానికంటె ప్రియము. మీట మీటకును లోపల ఒక చిన్న సుత్తి అమర్చినది అన్నిటికంటె ప్రియము. ఆ సుత్తి కొట్టుటకు అక్కడ తీగ యేదీ లేదు. మూగవాద్యమునకు సుత్తి యెందుకు? ఈ ప్రశ్నకు జవాబు కావలెనన్నచో మూడువందల యేండ్లకు పైగా వెనుకకు పోవలసి యున్నది.

పియానోకు ముందు ఐరోపాలో మీటలు గల తంత్రీవాద్యములు ముఖ్యముగా రెండు. ఒకటి హార్ప్సికార్డు. దానిలో మీట నొక్కగానే పక్షియీక మొన యొకటి తీగను మీటి విడుచును. వీణ తీగను మన వ్రేలు మీటినట్లే. కాని వైణికుని వ్రేలికి గల స్వాతంత్ర్యము ఆ యీకకు లేదు. గట్టిగా నొక్కినను, మెల్లగా నొక్కినను నాదమొక్కటే. రెండవది క్లావికార్డు. దానిలో మీట చివరనున్న ఇత్తడి రేకు తీగను తాకి, మీట నొక్కియున్నంతసేపు దానిని అంటియే యుండును. వ్రేలి ఒత్తిడిలో రవంత భేదమున్నను నాదములో తెలియును. స్వరమును కొంచెము కంపింపజేయుటకు కూడ వీలున్నది. కాని దాని గొంతు బహు సన్నము. ప్రక్కగదిలోని వారికి వినబడుట కష్టము. పెద్ద గొంతు గలదానికి భావము లేదు. భావము గలదానికి గొంతు లేదు.

ఈ రెంటికిని సంధి కుదిర్చినవాడు బార్తొలొమియో క్రిస్తొఫోరి. 1655లో పాదువాలో జన్మించి, ఫ్లారెన్సు నగరములో మెదీచీ రాజకుమారుడైన ఫెర్దినాందో కొలువున వాద్యముల తయారీకి, పోషణకు నియుక్తుడైనవాడు. 1700 సంవత్సరపు కొలువు వస్తుపట్టికలో మెల్లగాను గట్టిగాను పలుకగల ఆతని కొత్త వాద్యము చేరియున్నది. 1711లో స్కిపియోనె మఫ్ఫె యను పండితుడు దానిని వర్ణించుచు వ్యాసము ప్రకటించినాడు. క్రిస్తొఫోరి చేసినవాటిలో మూడు పియానోలు నేటికిని మిగిలియున్నవి: 1720 నాటిది న్యూయార్కులో, 1722 నాటిది రోములో, 1726 నాటిది లైప్జిగులో.

ఆతడు చేసిన పని చెప్పుటకు చిన్నది, సాధించుటకు పెద్దది. సుత్తితో తీగను కొట్టవలెను. కాని కొట్టిన మరుక్షణమే సుత్తి తీగను విడిచి వెనుకకు రావలెను. లేనిచో నాదము అక్కడనే చచ్చును. అందుచేత మీట సుత్తిని తీగవరకు మోసికొని పోరాదు. కొంతదూరము నెట్టి, తీగ సమీపించుచుండగా చేయి విడిచివేయవలెను. ఆ మిగిలిన రవ్వంత దూరము సుత్తి తన వేగముతో తానే ఎగురును. మన పిల్లలు గిల్లీదండా ఆడునప్పుడు గిల్లి కఱ్ఱను విడిచిన పిమ్మట దానిపై ఆటగాని అధికారమేమియు ఉండదు గదా. పియానోలోనూ అంతే. వాయించువాడు సుత్తికి ఇవ్వగలిగినది వేగమొక్కటే. ఆ వేగమును కొలిచి ఇచ్చుటకు వ్రేలికి గల ఆధారము మీట చూపు ఎదురుబలము. పియానో మీటకు బరువు వచ్చినది ఇక్కడనే. సుత్తికి గల జడత్వము వ్రేలికి తెలియుటయే దాని స్వరూపము.

కొత్త వాద్యము వెంటనే అందరి మెప్పును పొందలేదు. జర్మనీలో సిల్బర్మాను అను ఆర్గను నిర్మాత క్రిస్తొఫోరి పద్ధతిలో పియానోలు చేసి బాహుకు చూపినాడు. యోహాను సెబాస్టియను బాహు ఆ నాదమును మెచ్చుకొనెను గాని, పై స్వరములు బలహీనమనియు, వాయించుట మిక్కిలి శ్రమ యనియు ఆక్షేపించినట్లు ఆయన శిష్యుడు అగ్రికోలా వ్రాసియుంచినాడు. సిల్బర్మానుకు కోపము వచ్చినదట. కాని పని మానలేదు. సంవత్సరముల తరబడి దిద్దుకొనినాడు. 1747లో పోట్స్‌డాం రాజభవనములో ఫ్రెడరికు ప్రభువు సమక్షమున బాహు వాయించినవి సిల్బర్మాను పియానోలే. మీట బరువును గూర్చి విద్వాంసునికిని శిల్పికిని జరిగిన వాదములలో మనకు తెలిసిన మొదటి వాదమిది కావచ్చును. ఆనాడు బాహు కోరినది తక్కువ శ్రమయే యనుట గమనింపదగినది. మీట బరువుగా నున్నంత మాత్రమున అది మంచి పియానో యను భావము తరువాతి కాలపుది.

ఆ పిమ్మట రెండు సంప్రదాయములు ఏర్పడినవి. వియన్నా సంప్రదాయములో సుత్తులు చిన్నవి, మీట లోతు తక్కువ, స్పర్శ అతి సుకుమారము. 1777లో మొజార్టు ఆగ్స్‌బర్గు నగరములో స్టైను పియానోలను వాయించిచూచి, కొట్టిన సుత్తి చిక్కుకొనక వెంటనే విడివడుటను మెచ్చుకొనుచు తండ్రికి జాబు వ్రాసినాడు. లండను సంప్రదాయములో నాదము గంభీరము, మీట బరువు, లోతు ఎక్కువ. 1821లో ఎరారు కుటుంబమువారు పేటెంటు పొందిన జంటవిడుపు యంత్రము చరిత్రలో పెద్ద మలుపు. మీట పూర్తిగా పైకి రాకమునుపే సుత్తి మరల కొట్టుటకు సిద్ధమగును. ఒకే స్వరమును అతివేగముగా పలుమార్లు పలికించుటకు ఇది వీలు కల్పించినది. నేటి గ్రాండు పియానోల యంత్రమునకు మాతృక ఇదియే.

ఇక 19వ శతాబ్దిలో సభామందిరములు పెద్దవైనవి. వేలమందికి వినబడవలెనన్నచో తీగలు లావుగా, బిగువుగా ఉండవలెను. అంత బిగువును కొయ్యచట్రము ఓర్వలేదు. 1825లో బోస్టనులో బాబ్కాకు ఒకే పోతగా పోసిన ఇనుపచట్రమునకు పేటెంటు పొందినాడు. మరుసటి యేడు పారిసులో పాపె సుత్తులకు తోలుకు మారుగా ఉన్నికంబళి తొడుగు వేసినాడు. తీగ లావైనకొలది సుత్తి పెరిగినది. సుత్తి పెరిగినకొలది మీట బరువెక్కినది. ఆ బరువును సరితూచుటకు మీట కొయ్యలో సీసపు బిళ్లలు దిగగొట్టవలసి వచ్చినది. నేడు సామాన్యముగా పియానో మీటను మెల్లగా క్రిందికి దింపుటకు 50 గ్రాముల ప్రాంతము బరువు చాలును. మన పాత లెక్కలో నాలుగు తులములకు పైచిలుకు. మీట దిగు లోతు సుమారు ఒక సెంటీమీటరు. మంద్రస్థాయిలో సుత్తులు పెద్దవి గనుక అక్కడ బరువు కొంచెము హెచ్చు, తారస్థాయిలో తక్కువ. ఈ హెచ్చుతగ్గును కంట్రోలరులలో అనుకరించి, దానినొక విశేష గుణముగా ప్రకటించుకొందురు. పియానోలో మాత్రము అది ఎవరును కోరి తెచ్చిన గుణము కాదు. లావుతీగకు లావుసుత్తి కావలసివచ్చుటచేత కలిగిన ఫలితము.

శబ్దము లేని సాధన అనునది కంప్యూటరు యుగపు వింత కాదు. పూర్వము ఆర్గను విద్వాంసుడు సాధన చేసుకొనవలెనన్న చర్చికి పోవలెను. తిత్తులు త్రొక్కుటకు మనిషి కావలెను. చలికాలములో వ్రేళ్లు కొంకర్లు పోవును. అందుచేత వారు ఇంటిలో క్లావికార్డును, కాలిమీటలు కూడ చేర్చినదానిని, ఉంచుకొనెడివారు. బాలుడైన హాండెలు తండ్రికి తెలియకుండ అటకమీద క్లావికార్డు సాధన చేసినాడను కథ 1760లో వెలువడిన ఆయన జీవితచరిత్రలో ఉన్నది. 19వ శతాబ్దిలో తీగలే లేని మూగపలకలు వచ్చినవి. షూమాను వాటిని నిరసించినాడు. మూగవానివద్ద మాట నేర్చుకొనుట పొసగదని ఆయన అభిప్రాయము. ఆ శతాబ్ది చివర అమెరికాలో వర్జిలు అను బోధకుడు సాధనకై ఒక మీటపలకను తయారుచేసినాడు. దానిలో మీట బరువును ఇష్టము వచ్చినట్లు హెచ్చించుకొనవచ్చును, తగ్గించుకొనవచ్చును. మీట దిగునప్పుడొక చిటుకు, లేచునప్పుడొక చిటుకు వినబడును. ఒక మీట లేచు చిటుకును, తరువాతి మీట దిగు చిటుకును కలిసినచో స్వరములు అతుకు తెలియకుండ కలిసినట్లు లెక్క. నేటి కంట్రోలరుకు ఇంతకంటె దగ్గరి పూర్వికుని చూపుట కష్టము.

ముద్రణకు సంబంధించిన రెండవ పూర్వికుడు జర్మనీలోని ఫ్రైబర్గు నగరములో జన్మించినాడు. 1904లో వెల్టె సంస్థవారు వెల్టె-మిన్యోను అను యంత్రమును వెలువరించినారు. విద్వాంసుడు పియానో వాయించుచుండగా ధ్వనిని కాక, ఆయన చేసిన పనిని, అనగా ఏ మీట, ఏ క్షణమున, ఎంత బలముగా అను విషయమును, కాగితపు చుట్టపై రంధ్రముల రూపమున నిలుపుట దాని పద్ధతి. ఆ చుట్టను మరల యంత్రమునకెక్కించినచో మీటలు వాటంతట అవియే దిగుచు పియానో పలుకును. మాలరు, దెబుస్సీ వంటివారి వాయింపు మనకు ఈ చుట్టల ద్వారా దక్కినది. ధ్వనిని కాక చేతను ముద్రించుట యను ఈ భావమే ఎనుబది యేండ్లకు మరొక రూపమున తిరిగి వచ్చినది.

అంతకు ముందు మన దేశమును గూర్చి రెండు మాటలు. 1842లో పారిసులో దెబాను పేటెంటు పొందిన హార్మోనియం కాళ్లతో త్రొక్కునది. కలకత్తాలో ద్వారకానాథ ఘోషు దానిని నేలమీద కూర్చుండి ఒక చేత తిత్తి వేయుచు మరొక చేత వాయించునట్లు మార్చినాడు. మన నాటకరంగస్థలముమీద పద్యమునకు శ్రుతి నిచ్చినది ఈ పెట్టెయే. అయినను ఆకాశవాణి దానిని 1940లో బహిష్కరించినది. అంతకు రెండేండ్ల ముందే జాను ఫౌల్డ్సు అను ఆంగ్ల స్వరకర్త, ఢిల్లీ కేంద్రములో పాశ్చాత్య సంగీతమునకు అధికారిగా నున్నవాడు, 'ఇండియన్ లిజనర్' కార్యక్రమ పత్రికలోనే దానిని ఖండించుచు వ్యాసము వ్రాసినాడు. గమకము పలుకదు, జారు లేదు, పండ్రెండు స్వరస్థానములు బిగించి పెట్టినవి అనునవి హార్మోనియంపై ముఖ్యమైన ఆక్షేపణలు. 1971లో ఆ నిషేధము సడలినది. ఆక్షేపణలో సత్యము లేకపోలేదు. కాని ముప్పది యేండ్లు ఇంటింటను వినబడుచున్న వాద్యమును గాలితరంగములలోనికి రానీయకుండుట వలన శ్రోతల చెవి మారినదని నేను నమ్మజాలను.

మన విషయమునకు కావలసినది వేరొకటి. హార్మోనియంలో బలము తిత్తిది, మీటది కాదు. మీట క్రింద సన్నని తీగ స్ప్రింగు. ఎంత గట్టిగా నొక్కినను నాదము పెరుగదు. మన దేశములో మీటలపై వ్రేలు పెట్టినవారిలో మిక్కిలిమంది అభ్యాసము ఇట్టిది. హార్మోనియంపై ఆరితేరిన చేయి పియానో ముందు కూర్చున్నప్పుడు ఒక స్వరము పిడుగువలె, మరొకటి గుసగుసవలె వెలువడుటకు కారణమిదియే. స్వరజ్ఞానములో లోపము లేదు. వ్రేలికి సుత్తి పరిచయము లేదు, అంతే.

విద్యుద్వాద్యములు మొదట నడచినది హార్మోనియం దారినే. 1970 నాటి మినీమూగు సింథసైజరు మీటలకు స్ప్రింగులే. వ్రేలి వేగమును అది కొలువదు. సుత్తిని విడువనివారు కొందరున్నారు. హెరాల్డు రోడ్సు రెండవ ప్రపంచయుద్ధ కాలములో గాయపడిన సైనికులు పడకలో కూర్చుండి వాయించుకొనుటకు బాంబరు విమానముల అల్యూమినియం గొట్టములతో చిన్న పియానోలు చేయించినాడు. ఆతని తరువాతి విద్యుత్పియానోలలో తీగలకు బదులు ఉక్కుపుల్లలు, వాటిని కొట్టుటకు సుత్తులు. 1974లో జపానులో రోలాండు సంస్థ వ్రేలి వేగమును గ్రహించు ఎలెక్ట్రానిక్ పియానోను వెలువరించినది. ఆ సంస్థ స్థాపకుడు కకెహాషి, అమెరికాలో డేవు స్మిత్తు మొదలగువారు కలిసి, ఒకరి వాద్యము మరొకరి వాద్యముతో మాటలాడుటకు ఉమ్మడి భాష నొకదానిని కుదిర్చినారు. 1981లో స్మిత్తు దాని తొలి ప్రతిపాదనను విద్వత్సభలో చదివినాడు. 1983 జనవరిలో కాలిఫోర్నియాలోని వాద్యప్రదర్శనలో రెండు వేర్వేరు సంస్థల సింథసైజరులను తీగతో కలిపి, ఒకదాని మీటలతో రెండవదానిని పలికించి చూపినారు. ఆ భాషయే మిడి. అదే సంవత్సరము దాని నిబంధనలు ప్రకటితమైనవి.

మిడి దృష్టిలో మీట నొక్కుట యనగా రెండు అంకెలు: ఏ మీట, ఎంత వేగము. వేగము 1 మొదలు 127 వరకు. దీనిని కొలుచు ఉపాయము సులభమైనది. మీట దారిలో పైన ఒకటి, క్రింద ఒకటి, రెండు స్పర్శస్థానములుండును. మొదటిది తాకినప్పటినుండి రెండవది తాకువరకు పట్టిన కాలమెంతో లెక్కింతురు. కాలము తక్కువైనచో దెబ్బ గట్టిది, ఎక్కువైనచో మెల్లనిది. మంచి పలకలలో నడుమ మూడవ స్పర్శస్థానము కూడ ఉండును. మీట పూర్తిగా లేవకమునుపే మరల పలికించుటకు అది తోడ్పడును. ఎరారు యంత్రము చేసిన పనిని ఇక్కడ ఒక చిన్న రబ్బరుబిళ్ల చేయుచున్నది.

యంత్రము కొలుచునది కాలమును మాత్రమే ఐనప్పుడు బరువుతో దానికి పనిలేదు గదా యని శంక కలుగవచ్చును. నిజమే, బరువు యంత్రమునకు కాదు, వ్రేలికి. స్ప్రింగు మొదట తేలికగా లొంగి, క్రిందికి దిగినకొలది ఎదురుతిరుగును. సుత్తి ఇందుకు విరుద్ధము: కదలుటకు మొదట మొరాయించి, కదలిన తరువాత తన వేగముతో తాను పోవును. వేగమును తీర్మానించవలసినది ఆరంభములోనే గనుక, ఆరంభములో ఎదురుబలము లేని మీటపై మెత్తని నాదమును పదిమార్లు సమముగా పలికించుట దుస్తరము. మూగవాద్యములో సుత్తిని బంధించి ఉంచుటకు కారణమిది.

మీటలపలకను నాదపుపెట్టెనుండి పూర్తిగా విడదీసి అమ్ముట 1980ల నడుమ ఆరంభమైనది. రోలాండు ఎం.కె.బి. 1000, యామహా కె.ఎక్స్. 88 ఆ కాలపువి. బరువైన 88 మీటలు, స్వంత నాదము సున్న. ఇటలీలోని రెకనాతి పట్టణములో 1956లో వెలసిన ఫతారు సంస్థ ఇట్టి మీటల వరుసలను చేసి అనేక సంస్థలకు సరఫరా చేయుచున్నది. వేర్వేరు పేర్లతో అమ్మబడు రెండు పలకల లోపల ఒకే ఫతారు మీటలుండుట కద్దు. ఆ ప్రాంతము అకార్డియనులకు పెట్టినది పేరు. అకార్డియను మన హార్మోనియంకు జ్ఞాతియే గదా! నాదమునకు వచ్చినచో, 1998లో వచ్చిన గిగాశాంప్లరు పియానో స్వరముల దీర్ఘమైన ముద్రణలను నేరుగా డిస్కునుండి చదివి పలికించినది. 2006లో ఫ్రాన్సునుండి వచ్చిన పియానోటెకు ముద్రణలతో పనిలేక గణితముచేతనే తీగనాదమును పుట్టించినది.

ఈ చరిత్ర తెలిసినవాడు అంగడిలో ఏమి చూడవలెను? ఇల్లంతయు చప్పుడు చేయు బరువును కాదు. మీట పొడవును మొదట చూడవలెను. బయటికి కనబడు భాగమును కాదు, మూతక్రింద దాగిన భాగమును. మీట ఒక తులాదండము. ఆనిక దగ్గరగా నున్నచో లోపలి అంచున వ్రేలు పెట్టినప్పుడు రాయివలె బిగియును. నల్లమీటల నడుమ తెల్లమీటలు నొక్కవలసిన రాగములలో, క్షమింపుడు, స్వరశ్రేణులలో, ఈ దోషము చేతిని అలయజేయును. పిల్లలకు అతిబరువైన పలక కొనిపెట్టి వ్రేళ్లు బలపడునని సంతోషించు తలిదండ్రులున్నారు. నా ఉద్దేశములో అది తప్పు. బాహు అంతటివాడు శ్రమ యని ఆక్షేపించినప్పుడు తొమ్మిదేండ్ల బాలికకు ఆ హక్కు లేదా? పెడలు విషయములో అనుమానము వలదు: సగము దించినప్పుడు సగమే పనిచేయు పెడలును గ్రహింపగల పలకనే కొనవలెను. మేడమీద కాపురమున్నవారు మరొకటి గుర్తుంచుకొనవలెను. చెవులకు హెడ్‌ఫోను తగిలించుకొన్నను సుత్తుల దబదబ నేలగుండ క్రిందివారికి చేరును. దళసరి చాప యొకటి ఆ గొడవను చాలవరకు తీర్చును.

కర్ణాటక సంగీతమే ముఖ్యముగా వాయించుకొనువారికి నా సలహా వేరు. గమకమును మీట పలుకదు. ఎడమ ప్రక్కనున్న స్వరమును వంచు చక్రము పలికించును. వారికి తేలిక మీటలును, చేతికి చక్కగా అమరు చక్రమును గల చౌకపలకయే మేలు. సుత్తికై అధికముగా వెచ్చించు ధనము వారికి వ్యర్థము. 2020లో అంగీకృతమైన మిడి రెండవ సంస్కరణలో వేగమునకు 127కు బదులు 65,536 మెట్లు కల్పించినారు. ఒక్కొక్క స్వరమును విడివిడిగా వంచుటకును మార్గమేర్పరచినారు. గమకప్రియులు ఎదురుచూడవలసినది ఈ రెండవదానికొరకు.

పియానో నేర్చువారు మాత్రము అంగడిలో పలకకు విద్యుత్తు తగిలింపకముందే పరీక్ష ఆరంభింపవచ్చును. నడిమి స్థాయిలో ఒక తెల్లమీటను అంచున నొకసారి, లోపల మూతకు దగ్గరగా నొకసారి నొక్కి చూచి, రెంటికిని గల తేడాను వ్రేలితో తూచవలెను. తరువాత అదే మీటను సగము మాత్రమే లేవనిచ్చుచు పదిసార్లు వేగముగా కొట్టవలెను. అప్పుడు విద్యుత్తునిచ్చి, అంగడివాని కంప్యూటరుకు తగిలించి, అవే పది దెబ్బలను సాధ్యమైనంత మెల్లగా వాయించి, తెరమీద పడిన పది అంకెలను చూడవలెను. అవి ఒకదానికొకటి దగ్గరగా నున్నచో బేరము మొదలుపెట్టవచ్చును.